రిమోట్ సర్వర్‌లో డెవలపర్ పని – 4వ పాఠం: లైను తెగినా బిల్డ్ ఆగకూడదు

పోయిన పాఠంలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని సర్వర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) కీ పెట్టుకుని పాస్‌వర్డ్ లేకుండా సర్వర్‌లోకి వెళ్లడం చూశాం కదా. అది ఇంకా చేయకపోతే ముందు చేసేయండి, ఈరోజు పదే పదే లాగిన్ అవ్వాలి.

తిరుపతి బైరాగిపట్టెడలో నేను అద్దెకున్న గదిలో గట్టిగా వాన పడితే కరెంటు పోయేది, దాంతోపాటే వైఫై. ఒక రాత్రి సర్వర్‌లో జీసీసీ కంపైలర్‌ని సోర్సు నుంచి బిల్డ్ చేస్తున్నా (అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మారుస్తున్నా), రెండు గంటలు నడిచాక స్క్రీన్ మీద వరసగా పైకి పోతున్న లైన్లు టక్కున నిలబడిపోయాయి. కరెంటొచ్చాక చూస్తే బిల్డ్ సగంలోనే పోయింది. కరెంటు పోయింది నా గదిలో, సర్వర్ నిక్షేపంగా ఉంది, మరి పని ఎందుకు ఆగినట్టు?

ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్తే సర్వర్ మనకో షెల్ (మనం కొట్టే కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రాం) తెరుస్తుంది, మనం నడిపేవన్నీ దాని పిల్లలే. లైను తెగిందని తెలియగానే ఆ షెల్‌కి హ్యాంగప్ అనే సిగ్నల్ వెళ్తుంది (ఫోన్ లైన్ల మీద కంప్యూటర్లు వాడిన కాలం నాటి పేరు), షెల్ పోతూ పిల్లల్నీ తీసుకుపోతుంది.

అందుకే టీమక్స్ (tmux): మన లాగిన్‌తో సంబంధం లేకుండా సర్వర్‌లో విడిగా నడుస్తూ, లోపల మన పనిని ఆగకుండా ఉంచే ప్రోగ్రాం. ఉబుంటులో ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ కమాండ్‌తో వస్తుంది, సూడో హక్కు (అడ్మిన్ స్థాయి కమాండ్లు నడిపే అనుమతి) లేకపోతే అడ్మిన్‌ని అడగండి. సర్వర్‌లో tmux అని కొట్టండి, అడుగున పచ్చ పట్టీ కనిపిస్తుంది. అందులో టాప్ (top, నడుస్తున్న ప్రాసెస్‌లను చూపించేది) కమాండ్ నడిపి, కంట్రోల్‌తో బి నొక్కి, రెండూ వదిలేసి డి నొక్కండి. బయటికొచ్చేస్తారు, టాప్ మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. టీమక్స్ అటాచ్ (tmux attach) అంటే మళ్లీ దాని ముందుంటారు. ఇప్పుడు కావాలనే వైఫై ఆపి, కాసేపాగి, మళ్లీ లాగిన్ అయి అటాచ్ చేయండి. ఇది చదివి వదిలేయొద్దు, చేసి చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

ఆఫీసు వర్చువల్ డెస్క్‌టాప్ నుంచి సర్వర్‌కి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: టీమక్స్ తెరవాల్సింది సర్వర్‌లో, డెస్క్‌టాప్‌లో కాదు. సాయంత్రం డెస్క్‌టాప్ లాగాఫ్ అయితే అందులో నడిచేవన్నీ దాంతోపాటే పోతాయి.

కొన్ని సర్వర్లలో మనం లాగౌట్ అవ్వగానే సిస్టమ్‌డీ (సర్వర్‌లో సర్వీసుల్ని, లాగిన్లని చూసుకునే ప్రోగ్రాం) మన ప్రాసెస్‌లన్నీ చంపేసేలా సెట్ చేసి ఉంటుంది, అక్కడ టీమక్స్ కూడా మిగలదు. మీ ఖాతాకి లింగర్ (లాగౌట్ అయ్యాక కూడా మన ప్రాసెస్‌లు నడవనిచ్చే సెట్టింగ్) ఆన్ చేయమని అడ్మిన్‌కి చెప్పండి, అదొక్కటే సరిపోదు, టీమక్స్‌ని systemd-run --user --scope tmux అని మొదలుపెట్టండి.

సర్వరే రీబూట్ అయితే మాత్రం టీమక్స్ కాపాడలేదు. దానికి సిస్టమ్‌డీ సర్వీసు రాసుకోవాలి, 5వ పాఠంలో అదే చేద్దాం.