ఇనుప టేబుల్ ఫ్యాన్‌కు కొత్త వైరు వేసేటప్పుడు మూడో తీగ వదిలేయకండి

మొన్న ఉగాదికి పెద్దమ్మ వాళ్లింటికి వెళ్తే హాల్లో పాత ఇనుప టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. ఎండలు మొదలయ్యాయని అటక మీంచి దింపించుకుంది. వైరుకు మూడు చోట్ల టేపు, ఒకచోట ఎలుక కొరికిన గాటు, చివర రెండు పిన్నుల ప్లగ్గు. తడిగుడ్డతో గచ్చు తుడుస్తూ ఫ్యాన్ పక్కకు జరిపితే చెయ్యి జివ్వుమంటోందట.

"ఎన్నాళ్ల నుంచి పెద్దమ్మా?" అన్నాను.

"నిరుడు కూడా అంతేరా. తిరుగుతోంది కదా అని ఊరుకున్నా."

నాకు తెనాలిలో మోటారు వైండింగ్ షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఎండాకాలం ఈ మాట వింటూనే ఉన్నాను. ఫ్యాన్ తిరగడానికి ఫేజు, న్యూట్రల్ రెండూ చాలు. మూడోదైన ఎర్త్ తీగ లేకపోయినా గాలి పిసరంత కూడా తగ్గదు. అందుకే దాన్ని వదిలేస్తారు. లోపల ఫేజు తీగ తొడుగు చిట్లి ఇనుముకు తగిలిందంటే ఫ్యాన్ బాడీ అంతా 230 వోల్టులు. ఎర్త్ ఉంటే కరెంటు ఒక్కసారిగా ఆ దారిన పోయి ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఆ దారి మనిషే అవుతాడు. అప్పుడు ఎంసీబీ పడుతుందని నమ్ముకోవద్దు. 6 ఆంపియర్ల ఎంసీబీకి ఆంపియరులో పదో వంతు ఒక లెక్క కాదు, కానీ అంత కరెంటు ప్రాణం తీయగలదు.

అక్కడికక్కడే ప్లగ్గు పీకి పక్కన పెట్టేశాను. మర్నాడు కొత్త వైరు వేశాను. ఎలా వేశానో చెబుతాను. స్క్రూడ్రైవర్ పట్టే అలవాటు ఉన్నవారు ఇంట్లోనే చేసుకోవచ్చు. లేనివారు ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి. అయినా ఇది చదివి ఉంటే అతను ఏం చేస్తున్నాడో మీకు తెలుస్తుంది.

షాపులో మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు, 0.75 స్క్వేర్ ఎంఎం అని అడగండి. టేబుల్ ఫ్యాన్ సాధారణంగా 50, 60 వాట్లకు మించదు, అంటే సుమారు పావు ఆంపియర్. ఆ లెక్కన ఇంకా సన్న వైరు కూడా సరిపోతుంది. కానీ ఈ వైరు కాళ్ల కింద పడుతుంది, మంచం కోడు కింద నలుగుతుంది. అందుకే నేను 0.75కి తగ్గను. మూడు తీగల మీద గుండ్రటి మందపు తొడుగు ఒకటి ఉండాలి. మెలిపెట్టిన రెండు తీగల వైరు వద్దు. ఐఎస్ఐ మార్కు చూడండి. కొసన ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించిందా, అది రాగి పూత పూసిన అల్యూమినియం, తీసుకోకండి. ప్లగ్గు 6 ఆంపియర్లది, మూడు పిన్నులది. రంగుల విషయానికొస్తే, ఇప్పటి వైర్లలో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్త్. పాత వాటిలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్.

విప్పే ముందు బోర్డు మీద స్విచ్ ఆపితే సరిపోదు. ప్లగ్గు పీకి మీ కళ్ల ముందే పెట్టుకోండి. ఫ్యాన్‌ను పాత దుప్పటి మీద పడుకోబెట్టి అడుగు రేకు స్క్రూలు తీయండి. ఏ తీగా కదపక ముందే ఫోన్‌తో రెండు ఫోటోలు తీయండి. మోటారు నుంచి వచ్చే తీగల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, గుర్తుంటాయిలే అనుకుంటే తర్వాత తికమక పడతారు. కండెన్సర్ అడుగులోనే ఉంటే దాని కాళ్లు చేత్తో తాకవద్దు. ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ మొనతో రెండు కాళ్లనూ ఒకసారి కలిపి వదిలేయండి. మిగిలిన ఛార్జి ఏమైనా ఉంటే పోతుంది.

ఇప్పుడు వైరు లోపలికి వెళ్లే రంధ్రం చూడండి. నా దగ్గరికి షాక్ కొడుతోందని వచ్చే ఇనుప ఫ్యాన్లలో ఎక్కువ వాటికి జబ్బు ఇక్కడే ఉంటుంది. ఆ రంధ్రానికి రబ్బరు బుష్ ఉండాలి. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండి, పగిలి రాలిపోతుంది. ఆ తర్వాత ఫ్యాన్ జరిపిన ప్రతిసారీ ఇనుప అంచు వైరును కోస్తుంది. పెద్దమ్మ ఫ్యాన్‌లో అదే జరిగింది. బయట ఎలుక కొరికిన గాటు అందరికీ కనిపించింది. చెయ్యి జివ్వుమనడానికి కారణం మాత్రం లోపల ఈ అంచు దగ్గర తెగిన తొడుగు. కొత్త బుష్ కొన్ని రూపాయల్లో వస్తుంది. రంధ్రానికి సరిగ్గా పట్టేది తెచ్చి వేయండి. అది లేకుండా కొత్త వైరు దూర్చకండి.

వైరు దూర్చాక లోపలి వైపు పై తొడుగును ఆరేడు సెంటీమీటర్లు ఒలవండి. బ్లేడు లోతుగా దిగితే లోపలి తీగల తొడుగు తెగుతుంది, గీటు పెట్టి వంచితే చాలు, అదే విడుతుంది. ఒక్కో తీగ కొసన సెంటీమీటరు మేర రాగి బయట పెట్టి పోగులన్నీ గట్టిగా మెలిపెట్టండి. పోగులు తెగిపోతే ఆ కొస కోసేసి మళ్లీ ఒలవండి. అడుగులో క్లాంపు ఉంటే పై తొడుగు మీద పడేలా బిగించండి, లోపలి తీగల మీద కాదు. క్లాంపు లేకపోతే బుష్‌కు లోపలి వైపు ఒక ముడి వేయండి. ఎవరైనా వైరు పట్టి లాగినా ఆ బరువు స్క్రూల మీద పడకూడదు.

ఫేజు స్పీడ్ స్విచ్ కామన్ కాలికి (అన్ని స్పీడ్లకూ ఉమ్మడిగా కరెంటు అందే చోటుకు) వెళ్లాలి. న్యూట్రల్ నేరుగా మోటారు కామన్ తీగకు. తీగలు మెలేసి టేపు చుట్టడం మానేయండి. వేడికి ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది. స్క్రూలతో బిగించే ప్లాస్టిక్ కనెక్టర్ వాడండి. స్క్రూ కింద పెట్టే కొసకు టంకం వేయకండి. టంకం మెత్తని లోహం, ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోయి స్క్రూ వదులవుతుంది, వేడెక్కుతుంది. ఊరికే మెలిపెట్టి, కొసను మడిచి బిగించండి.

ఎర్త్ తీగకు రింగు లగ్గు (బోల్టు దూరే రంధ్రం ఉన్న లోహపు కొస) నొక్కి బాడీకి బోల్టుతో బిగించాలి. ఆ చోట రంగును ఉప్పుకాగితంతో గీకి ఇనుము మెరిసేలా చేయండి. రంగు మీద బిగించిన ఎర్త్ పేరుకే ఎర్త్. పళ్లున్న వాషర్ వేస్తే పట్టు వదలదు. అడుగు రేకుకు మాత్రం బిగించకండి, రేపు ఎవరైనా రేకు విప్పి మళ్లీ వేసేటప్పుడు ఆ తీగను వదిలేస్తారు.

మీది పూర్తి ప్లాస్టిక్ ఫ్యాన్ అయి, చదరంలో చదరం గుర్తు ఉంటే అది రెండు తీగలతోనే తయారైంది. దానికి ఎర్త్ అక్కర్లేదు, రెండు కోర్ల వైరే వేయండి.

ప్లగ్గు లోపల ఎల్, ఎన్, ఇ అని ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఫేజు ఎల్‌కు, న్యూట్రల్ ఎన్‌కు, ఎర్త్ పై పెద్ద పిన్నుకు. ఆ పిన్ను పొడుగ్గా ఉండటానికి కారణం ఉంది. పెట్టేటప్పుడు ముందు ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు చివరగా వదలాలి. అందుకే ప్లగ్గు లోపల ఎర్త్ తీగను కూడా మిగతా రెండింటికన్నా కాస్త పొడుగ్గా ఉంచండి. ఎవరైనా వైరు గుంజితే ఆఖరున తెగేది అదే కావాలి. రెండు పిన్నుల ప్లగ్గుతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తిప్పి పెడితే ఫేజు, న్యూట్రల్ తారుమారవుతాయి, ఫ్యాన్ మీద స్విచ్ ఆపినా లోపల వైండింగ్‌లో కరెంటు ఉంటుంది.

కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటరుతో చూడండి. ఎర్త్ పిన్నుకూ బాడీకీ మధ్య బీప్ రావాలి. మోటారు వెనక, జాలీ దగ్గర కూడా రంగు లేని చోట చూడండి. ఎల్ పిన్నుకూ బాడీకీ మధ్య ఏమీ చూపకూడదు. ఎల్, ఎన్‌ల మధ్య ఫ్యాన్ స్విచ్ ఆఫ్‌లో ఏమీ రాకూడదు, ఆన్ చేస్తే కొన్ని వందల ఓంలు చూపాలి. సున్నాకి దగ్గరగా చూపితే షార్ట్, ప్లగ్గు పెట్టవద్దు. పాత మోటార్లకు మా షాపులో 500 వోల్టుల మెగ్గర్ (తీగల తొడుగు ఎంత గట్టిగా ఉందో చూసే మీటరు) కూడా పెడతాను, ఎందుకంటే మల్టీమీటరు చిన్న బ్యాటరీకి దొరకని లీకేజీ దానికి దొరుకుతుంది. వైండింగ్ తీగల తొడుగు ముట్టుకుంటే పొడిగా రాలుతున్నా, కాలిన వాసన వస్తున్నా ఆ మోటారును షాపుకు తీసుకెళ్లండి. కొత్త వైరుతో అది బాగుపడదు.

ఇంటి గోడలో ఎర్త్ ఉందా అన్నది చివరి ప్రశ్న. కొన్ని పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. కొందరు ఆ రంధ్రాన్ని లోపల న్యూట్రల్‌కు కలిపేస్తారు, అది మరీ ప్రమాదం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఎర్త్ పిన్ను ద్వారా ఫ్యాన్ బాడీకే ఫేజు వచ్చేస్తుంది. ఈ ఒక్కటీ ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి, అలాగే మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పసిగట్టి లైను ఆపేసే స్విచ్) పెట్టించండి. పెద్దమ్మ వాళ్లింట్లో బోర్డు విప్పి చూస్తే ఎర్త్ తీగ వచ్చి, చుట్టచుట్టి వదిలేసి ఉంది. బిగించే దిక్కు లేక అన్నేళ్లు అలాగే ఉంది. బిగించాను.

పాత వైరు దాచిపెడతానంది, బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుందని. ఇవ్వలేదు. ప్లగ్గు కోసేసి, వైరు జానెడు ముక్కలు చేసి సంచిలో వేసుకుని తెచ్చేశాను.