మందు మానేవాళ్ల మీటింగ్ దొరకట్లేదా? ఎక్కడ ఆగిపోయారో చూసుకోండి

మందు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని ఒకరికొకరు తోడుగా ఉండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్, అదే ఏఏ. హైదరాబాద్‌లో దీని మీటింగులు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. అయినా నా మొదటి మీటింగ్ దొరకడానికి నెల పైనే పట్టింది. అందులో సగం నా బద్ధకమే, ఒప్పుకుంటా. మిగతా సగం ఎవరైనా ముందే చెప్పి ఉంటే తప్పేది.

అన్నిటికంటే ముందు: తాగకపోతే చేతులు వణుకుతున్నాయా?

పొద్దున లేవగానే వణుకు, చెమటలు, ఒక్క పెగ్గు పడగానే అన్నీ సర్దుకోవడం. ఒంటికి మందు అలవాటైపోయిందని అర్థం. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనబడటం, వినబడటం మొదలవ్వచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. కల్లు కాంపౌండ్‌కి వెళ్లేవాళ్లకి ఇంకో చిక్కుంది. మన దగ్గర కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి పట్టుబడ్డ కేసులు చాలా ఉన్నాయి, కాబట్టి కల్లు ఆపితే ఆ మత్తుమందునీ ఒక్కసారిగా ఆపినట్టే. దీనికి మీటింగ్ సరిపోదు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఎక్కడికి పోవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫిట్స్ వస్తే ఆలోచించొద్దు, 108.

నెట్‌లో వెతికితే డీఅడిక్షన్ సెంటర్లే వస్తున్నాయి

వస్తాయి మరి, వాళ్లు యాడ్స్‌కి డబ్బు కడతారు. ఏఏ ప్రచారం చేసుకోదు, ఫీజు లేదు, బయటివాళ్ల విరాళాలు కూడా తీసుకోదు. చివర్లో ఒక డబ్బా తిప్పుతారు, ఇష్టముంటే పదో ఇరవయ్యో వేస్తారు, టీ ఖర్చులకి, గది అద్దెకి. ఎవరైనా ఫోన్లో ప్యాకేజీ, అడ్మిషన్ అన్నారంటే మీరు చేసింది ఏఏకి కాదు. ‘మందు మానడం ఎలా’ అని వెతక్కుండా ఏఏ ఇండియా సైట్‌కి వెళ్లి హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ చూడండి.

అడ్రస్‌కి వెళ్తే గేటుకి తాళం

నాకు జరిగిందిదే. మ్యాప్‌లో చూసి సాయంత్రం ఆరున్నరకి సికింద్రాబాద్‌లో ఒక చర్చి ముందు దిగా. గేటు మూసి ఉంది, వాచ్‌మన్‌కి ఏఏ అంటే అర్థం కాలేదు, నాకేమో ‘తాగుబోతుల మీటింగ్’ అని నోరు రాలేదు. వెనక్కి వస్తుంటే దారిలోనే వైన్స్, మిగతాది మీకు తెలిసిందే. తర్వాత తెలిసిందేంటంటే మీటింగ్ ఆ రోజు కాదు, పైగా లోపలికి దారి పక్క సందులోంచి. గ్రూపుకి సొంత బిల్డింగ్ ఉండదు, ఎక్కడో ఒక హాల్ గంటన్నర అడిగి తీసుకుంటారు, బోర్డు పెట్టరు, రోజు మారినా టైం మారినా మ్యాప్‌లో పాతదే ఉంటుంది. అందుకని వెళ్లే రోజే ఏఏ సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేయండి. ఈ రోజు ఉందా, ఏ గేటు, ఏ భాషలో నడుస్తుంది, ఈ మూడూ అడగండి. ‘కొత్తగా వస్తున్నా, బయట ఎవరైనా నిలబడగలరా’ అనండి, మొహమాటపడొద్దు. ఎవరో ఒకరు నిలబడతారు, వాళ్లూ ఒకప్పుడు ఆ గేటు ముందు బిక్కమొహం వేసినవాళ్లే.

చర్చి అంటే మతం మారుస్తారేమో అని కొందరికి టెన్షన్. గది చవకగా దొరికింది, అంతే.

తెలిసినవాళ్లు చూస్తే?

చూశారంటే వాళ్లూ అక్కడికే వచ్చినట్టు కదా. అయినా మనసొప్పకపోతే మీ ఏరియాలో వద్దు. కూకట్‌పల్లిలో ఉంటే మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగండి. ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు.

‘మాల వేసుకుంటే 41 రోజులు ముట్టను, నేను ఆల్కహాలిక్‌ని ఎట్లా అవుతా?’

నేనూ ఇదే అనేవాణ్ని, నాలుగేళ్లు వరసగా. దీక్షలో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లూ, సన్నిధానంలో తోటి స్వాములూ చుట్టూ ఉంటారు, పైగా ఎప్పటిదాకా అన్న లెక్కుంటుంది. మాల తీసిన రాత్రి ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. సరే, మీరు ఆల్కహాలికా కాదా అని అక్కడ ఎవరూ తేల్చరు. మానాలన్న కోరిక ఉంటే చాలు, రావడానికి వేరే అర్హత లేదు. మొదటిది నచ్చకపోతే ఇంకో గ్రూపుకి వెళ్లండి, ఒక్కో గ్రూపు తీరు ఒక్కోలా ఉంటుంది. నాకు మూడోది కుదిరింది.

మా ఆయన రానంటున్నాడు

అన్నంలో కలిపే పొడి జోలికి మాత్రం పోకండి అక్కా. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ లాంటి మాత్ర తెలియకుండా పెట్టి, ఆయన పైనుంచి తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి వస్తుంది. ఆయన రాకపోయినా మీరు వెళ్లొచ్చు. కుటుంబాలకి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. ఏఏలో కూడా ‘ఓపెన్’ అని చెప్పే మీటింగులకి తాగనివాళ్లనీ రానిస్తారు, ‘క్లోజ్డ్’ అయితే రానివ్వరు. ఫోన్ చేసినప్పుడు ఆ ఒక్క మాట అడగండి.