కథలో పువ్వు ప్రతీకగా నిలవాలంటే ఎలా రాయాలి?

"వాడిన మల్లెపూవులా ఆమె మంచం మీద వాలిపోయింది." ఈ వాక్యంలో పువ్వు ఉంది గానీ ప్రతీక లేదు. ఇది ఉపమానం. ఆ వాక్యంలో పుట్టి అక్కడే అయిపోతుంది. మల్లె తీసి చేమంతి పెట్టినా కథకు వచ్చే నష్టం ఏమీ లేదు. ప్రతీక కావాలంటే పువ్వు కథలో వస్తువుగా తిరగాలి. ఎవరో దాన్ని కోయాలి, కట్టాలి, అమ్మాలి, తొక్కాలి. దాని చోట ఇంకో పువ్వు పెడితే కథ నడవకూడదు.

కావలసినవి: ఒక నోటు పుస్తకం, ఒక మంచి నిఘంటువు, వారం రోజుల ఓపిక.

1. అందాన్ని పక్కనపెట్టి, పువ్వు చేసే పని చూడండి

ఎంచుకున్న చెట్టు దగ్గరికి వారం పాటు రోజుకు రెండుసార్లు వెళ్లండి, తెల్లవారుజామున ఐదింటికి, సాయంత్రం ఆరింటికి. ఎప్పుడు విచ్చుతోంది, ఎప్పుడు రాలుతోంది, వాసన ఏ వేళకు వస్తోంది, కోసేవాళ్లు చేత్తో ఎలా పట్టుకుంటున్నారు అన్న నాలుగు విషయాలు రాసుకోండి. "అందంగా ఉంది", "సుకుమారంగా ఉంది" లాంటివి రాయొద్దు. అవి ఏ పువ్వుకైనా సరిపోతాయి.

పారిజాతం రాత్రి పూసి తెల్లారేసరికి తానే రాలిపోతుంది. నేల మీద పడిన పూలు దేవుడికి పనికిరావంటారు, దీనికి మాత్రం ఆ పట్టింపు లేదు. అడగకుండానే అన్నీ వదులుకుని, అయినా గౌరవం పోగొట్టుకోని మనిషికి ఇంతకన్నా సరైన పువ్వు దొరకదు. కనకాంబరానికి రంగే గానీ తావి లేదు, అందుకే మాలలో మరువం తోడు పెడతారు. మొగలికి గుప్పుమనే వాసన ఉన్నా, బ్రహ్మ తరఫున అబద్ధపు సాక్ష్యం చెప్పిందని శివపూజకు దూరం పెట్టారు. అందరికీ నచ్చుతూ అబద్ధం ఆడే పాత్ర పెరట్లో మొగలి పొద ఉంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

2. ఆ పువ్వుకు పాత అర్థం ఏముందో వెతకండి

ఇక్కడే ఎక్కువమంది జారతారు. "మందార మకరంద మాధుర్యమున దేలు" పోతన తుమ్మెద మన పెరటి ఎర్ర మందారం మీద వాలింది కాదు. అది దేవలోకపు ఐదు చెట్లలో ఒకటైన మందారం. పెరటి మందారాన్ని చూపించి పోతనను గుర్తుచేయాలనుకుంటే రెండూ చెడతాయి. సంపెంగ మీద తుమ్మెద వాలదన్నది కవిసమయం, అంటే కవులందరూ ఒప్పుకున్న కట్టుబాటు. అది తెలియక సంపెంగ చుట్టూ తుమ్మెదల్ని తిప్పితే చదువరి నవ్వుకుంటాడు. తెలిసి తిప్పితే అదే ఒక అర్థం అవుతుంది.

తామర, కలువల తేడా మరీ ముఖ్యం. తామర సూర్యుడిది, కలువ చంద్రుడిది. పగలు విచ్చే కలువ రకాలు చెరువుల్లో ఉన్నా, కావ్యంలో కలువ చంద్రుడి పక్షమే. ఈ తేడాతో ఎంత పని జరుగుతుందో చూడాలంటే భారతం అరణ్యపర్వం తెరవండి. నన్నయ రచన శారదరాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయింది. అందులో గాలి మోసుకొచ్చేది "వికసన్నవ కైరవ" గంధం, అప్పుడే విచ్చుతున్న తెల్ల కలువల వాసన. నెల్లూరి తిక్కన ఆ మిగిలిన భాగాన్ని వదిలి విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశాడు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన ఆ ఖాళీని పూరించాడు. ఆయన మొదటి పద్యంలో అదే శరత్తు, కానీ తెల్లవారింది. ఎర్రని కిరణాలు పడ్డాయి, "దళత్కమల" వైభవం, తామరలు రేకులు విప్పుతున్నాయి. ఒక కవి కలువల రాత్రిలో ఆగితే, మూడు వందల ఏళ్ల తర్వాత ఇంకో కవి తామరల ఉదయంతో అందుకున్నాడు. "నేను కొనసాగిస్తున్నాను" అన్న మాట అక్కడ ఎక్కడా లేదు. పువ్వు మారింది, అంతే. ఈ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టుకుని కనీసం పదిసార్లు పైకి చదవండి.

3. మీ చేలోని పువ్వును తీసుకోండి

మల్లె, గులాబీల మీద ఇప్పటికే బోలెడు బరువు ఉంది. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మ పూత ఉంది, మార్కాపురం దాటాక నల్లమలలో ఎండాకాలం ముందు ఆకు లేకుండా ఎర్రగా పూచే మోదుగు ఉంది. అన్నిటికన్నా ఎవరూ పెద్దగా ముట్టనిది పొగాకు పువ్వు.

కలిగిరి, కొండపి వైపు వర్జీనియా పొగాకు చేలు చూసినవాళ్లకు తెలుసు, ఆ పువ్వు ఉండకూడదు. మొక్క మొగ్గ వేయగానే తల తుంచుతారు, సత్తువ పూతకు పోకుండా ఆకుకు వెళ్లి బరువు పెరగాలని. పువ్వు సన్నని గొట్టంలా ఉండి, అంచు దగ్గర లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. తుంచిన చేతికి పట్టే జిగురు నల్లబడి, సబ్బుకు తొందరగా వదలదు. తల పోయిన మొక్క ఊరుకోదు, ఆకుల పంగల్లో పిలకలు వేస్తుంది. వాటినీ తీస్తారు, మళ్లీ వస్తాయి.

పదో తరగతిలో బడి మానిపించిన పిల్ల కథకు ఇదంతా సిద్ధంగా ఉన్న సరుకు. మొదటి రాతలో "తుంచేసిన పువ్వులా ఆమె చదువు ఆగిపోయింది" అని వస్తుంది. దాన్ని కొట్టేసి, పని చూపించండి:

"అమ్మ ముందు సాలులో, పిల్ల వెనక సాలులో. తల పట్టుకోవడం, బొటనవేలితో విరవడం, కిందికి వదలడం. బడి గంట వినపడింది. 'పూలు చూసుకుంటా నిలబడితే ఎట్టమే, ఈ సాలు ఎప్పుడైద్ది?' అంది అమ్మ. పిల్ల విరిచింది."

4. మూడుసార్లకు మించి చూపించకండి

వెయ్యిన్నర మాటల కథకు మూడుసార్లు చాలు, పదిహేను పాదాల కవితకు రెండు. మొదటిసారి తొలి 300 మాటల్లోపే, ఏ ప్రత్యేకతా లేని మామూలు వస్తువుగా రావాలి. రెండోసారి కథ మలుపు దగ్గర. మూడోసారి దాని స్థితి మారి ఉండాలి. పై కథలో మొదట తల, తర్వాత చేతి జిగురు, చివర పిల్ల చూసి కూడా తీయకుండా వదిలేసిన ఒక్క పిలక. ఒకే కథలో రెండు పూలకు బరువు పెడితే ఒకదాని అర్థం ఇంకోదాన్ని తినేస్తుంది. మిగతా పూలు ఉండొచ్చు, పేరు చెప్పి ముందుకు వెళ్లిపోండి.

5. అర్థం చెప్పే వాక్యం కొట్టేయండి

"ఆ పిలక ఆమె ఆశకు గుర్తు" అని మీ చెయ్యి తప్పకుండా రాస్తుంది. రాయనివ్వండి, రెండో రాతలో తీసేయండి. తీశాక అర్థం కాకపోతే తప్పు ఆ వాక్యం లేకపోవడంలో లేదు, మొదటిసారి పువ్వును సరిగా చూపించకపోవడంలో ఉంది. వెనక్కి వెళ్లి అక్కడ మరమ్మతు చేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

కార్తీకంలో మల్లెపందిరి గుబాళించడం, మే నెల ఎండలో పెరటి నిండా చేమంతులు, మిట్టమధ్యాహ్నం కొమ్మ నుంచి కోసిన తాజా పారిజాతాలు, కనకాంబరాల సువాసన. వీటిలో ఒక్కటి దొర్లినా పూలు తెలిసిన చదువరికి మీ మీద నమ్మకం పోతుంది.

రెండో పొరపాటు, పాత కవిసమయాన్ని యథాతథంగా దించడం. స్త్రీ పాదం తగిలితే అశోకం పూస్తుందని, ఇలా చెట్టును పూయించే పనికి దోహదమని పూర్వం అనేవారు. "అభివృద్ధికి దోహదపడుతుంది" అని మనం రోజూ వాడే మాట అదే. ఇప్పటి కథలో అశోకాన్ని తన్నించలేం, కానీ ఒకరి స్పర్శతో ఇంకొకరు పూయడం అనే ఊహ ఈనాటికీ పనికొస్తుంది. ఊహను ఉంచుకుని, చెట్టునూ చేష్టనూ మీ ఊరివి పెట్టండి.

రాత పూర్తయ్యాక ఆ పువ్వుతో రోజూ పని ఉన్నవాళ్లకు చదివి వినిపించండి, మాల కట్టేవాళ్లో పొగాకు కూలికి వెళ్లేవాళ్లో. కథ బాగుందా అని అడగకండి. పని సరిగా రాశానా అని అడగండి. "తల అట్ట విరవరు, రెండు ఆకులు కలిపి విరుస్తారు" అని వాళ్లు ఆపితే, ఆ మాటను అక్కడికక్కడే నోటు పుస్తకంలో రాసుకుని మూడో రాత మొదలుపెట్టండి.