వేరే స్టోర్ గేమ్‌ని స్టీమ్‌లోకి ఎలా తెచ్చానంటే

కావలిలో మా ఇంట్లో పీసీ ఒక్కటే, తమ్ముడు ఒక్కో గేమ్ కోసం ఒక్కో లాంచర్ (గేమ్‌ని తెరిచే స్టోర్ యాప్) వెతుక్కుంటున్నాడని అన్నీ స్టీమ్ (పీసీ గేమ్‌లు కొని ఆడుకునే యాప్) లైబ్రరీలోనే పెడదామనుకున్నా. గేమ్స్ మెనూలో ‘యాడ్ ఎ నాన్-స్టీమ్ గేమ్’ నొక్కి, బ్రౌజ్‌తో గేమ్ ఫోల్డర్‌లోని ఈఎక్స్ఈ ఫైల్ (గేమ్‌ని నడిపే ఫైల్) చూపించా. పాత గేమ్‌లు వెంటనే వచ్చేశాయి. ఒక్కటి మాత్రం ప్లే నొక్కగానే తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయేది, రాత్రి పదకొండైనా అదే తంతు. అది తన లాంచర్ ద్వారానే మొదలవ్వాలి, అదీ సంగతి! ఆ లాంచర్ నుంచి డెస్క్‌టాప్ షార్ట్‌కట్ చేసి, దాని ప్రాపర్టీస్‌లో యూఆర్ఎల్ గడిలో ఉన్న పొడుగాటి లైను కాపీ చేసి, స్టీమ్‌లో ఆ గేమ్ ప్రాపర్టీస్‌కెళ్లి టార్గెట్ గడిలో పాతది తీసేసి ఇది పేస్ట్ చేశా. ఈసారి గేమ్ మూసుకుపోకుండా నిలబడింది. తమ్ముడి మొహం చూడాలి అప్పుడు! లాంచర్‌ని మాత్రం అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, గేమ్ మొదలయ్యేది దానితోనే.