మేడ మీద ట్యాంక్‌కి ఐ బీమ్ (I ఆకారపు ఉక్కు దూలం) వేయించే ముందు
ముందు బరువు లెక్కేస్కోండి, 1000 లీటర్లంటే నీళ్ళే 1000 కేజీలు, ట్యాంకు, బీమ్ సొంత బరువు దానికి అదనం. రెండు చివర్లా ఆనిన బీమ్‌కి ఆ బరువంతా నడిమధ్యలో ఒక్కచోటే పడితే బెండింగ్ మూమెంట్ (బీమ్‌ని వంచే ప్రభావం), పొడవంతా సమానంగా పరుచుకున్నదానికి రెట్టింపు వస్తుంది.

బీమ్ నడిమి పలక నిలువుగానే ఉండాలండీ, అంటే I అక్షరం నిలబడినట్టు! 150 మిల్లీమీటర్ల ఎత్తుండే ఐఎస్‌ఎంబీని (మన దేశ ప్రమాణాల ఐ బీమ్ రకం) పక్కకి పడుకోబెడితే వంగకుండా ఆపే దాని బిగువు పదో వంతు కూడా మిగల్దు, మా ఇంట్లో వెల్డర్ అలాగే పెట్టేస్తుంటే నేనే ఆపి తిప్పించా.

పాత బీమ్ అయితే గీకి చూడండి, మన వైజాగ్ ఉప్పు గాలికి అంచులు పొరలు పొరలుగా ఊడొస్తాయి, తుప్పు పోగా మిగిలిన మందంతోనే లెక్క కట్టాలి.

చివర్లు కాలమ్‌ల మీద ఆనించండి. ఖాళీ ట్యాంక్‌ని గట్టిగా కట్టండి, ఐఎస్ 875లో (కట్టడాల మీద పడే భారాల ప్రమాణం) మనూరికి లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, 2014లో హుద్‌హుద్ తుఫాను చూశాంగా.