మాక్‌లో 65, గేట్‌లో 38: తేడా ఎక్కడుంది?

జనవరి వచ్చిందంటే తిరుపతి ఎస్వీయూ హాస్టళ్లలో, బాలాజీ కాలనీ రూముల్లో ఒకటే మాట. "అన్నా, మాక్‌లో 65 వస్తోంది, ఇంక భయం లేదు." మాక్ అంటే ఇంట్లో రాసుకునే నమూనా పరీక్ష. ఫిబ్రవరిలో గేట్ (ఇంజినీర్లు ఎంటెక్ సీటు కోసం రాసే పరీక్ష) రాసి, కీ చూసుకున్నాక అదే తమ్ముడు 38 అంటాడు. పేపర్ కష్టంగా వచ్చిందని చెబుతాడు. చాలాసార్లు తప్పు పేపర్‌ది కాదు.

సమస్య: మాక్‌లో ఎక్కువ, పరీక్షలో తక్కువ

నేను మొదట అడిగేది ఒక్కటే: ఆ మాక్‌లో వంద మార్కులకు ఉండే 65 ప్రశ్నల్లో మీరు ముందే చూసినవి ఎన్ని? ఇంతవరకు ఎవరూ లెక్కపెట్టి చెప్పలేదు.

కారణం అక్కడే ఉంటుంది. మాక్ పేపర్లలో పాత గేట్ ప్రశ్నలే అంకెలు మారి వస్తుంటాయి. చాప్టర్ అయిపోగానే మనం చేసిందీ ఆ పాత ప్రశ్నలే. జవాబు గుర్తుండదు కాబట్టి మళ్లీ లెక్క చేస్తాం, సొంతంగా చేశామనే నమ్ముతాం. కానీ ఏ సూత్రం వాడాలన్నది ముందే తెలిసిపోయి ఉంటుంది. గేట్‌లో అసలు కష్టం ఆ దారి పట్టుకోవడమే. నేను దీనివల్ల రెండేళ్లు పోగొట్టుకున్నాను. ఆటో సైకిల్ (పెట్రోల్ ఇంజిన్ పనిచేసే పద్ధతి) లెక్కలో కంప్రెషన్ రేషియో ఇచ్చి ఎఫిషియెన్సీ అడిగితే నిమిషంలో చేసేవాణ్ణి. పరీక్షలో దాన్నే తిప్పి, వేడి, పని ఇచ్చి రేషియో అడిగితే పది నిమిషాలు అక్కడే ఆగిపోయాను.

పరిష్కారం: టెస్ట్ అయ్యాక స్కోర్ చూడకముందే, చూసిన ప్రశ్నలన్నిటికీ పక్కన టిక్ పెట్టండి. 65 మార్కులు వచ్చాయనుకుందాం. చూసిన ప్రశ్నలు 30 మార్కులవి, వాటిలో మీకు 28 వచ్చాయి. అవి తీసేస్తే మిగిలిన 70కి మీకు వచ్చింది 37. అంటే నూటికి 53. మీ స్థాయి అది.

చివరి మూడేళ్ల గేట్ పేపర్లు చాప్టర్ల వారీగా కూడా ముట్టుకోవద్దు. పుస్తకంలో ఆ సంవత్సరాల ప్రశ్నలు కనిపిస్తే పెన్సిల్‌తో కొట్టేసి ముందుకు వెళ్లండి. వాటిని జనవరిలో వారానికొకటి, ఉదయం 9:30 నుంచి 12:30 వరకు, మధ్యలో లేవకుండా రాయండి. ఒక్కసారే. రెండోసారి రాసినది ప్రాక్టీస్ అవుతుంది గానీ, ఆ మార్కు నోట్‌బుక్‌లో ఎక్కించకూడదు.

సమస్య: టైం చాలడం లేదు

ఇంట్లో సొంత కాలిక్యులేటర్ వాడుతున్నారా? పరీక్షలో దాన్ని లోపలికి రానివ్వరు. స్క్రీన్ మీద ఉండే కాలిక్యులేటర్‌ను మౌస్‌తో నొక్కాలి. మొదటి మాక్ నుంచే దాంతో చేయండి.

సమస్య: చేసినవన్నీ కరెక్టే అనిపించినా మార్కులు తగ్గాయి

ఒక మార్కు ఎంసీక్యూ (ఒక్కటే సరైన జవాబు ఉండేది) తప్పితే మార్కులో మూడో వంతు పోతుంది, రెండు మార్కులదైతే ఒక మార్కులో మూడింట రెండు వంతులు. ఎంఎస్‌క్యూ (ఒకటికి మించి సరైన జవాబులు ఉండగలవి), న్యూమరికల్ (జవాబుగా అంకె టైప్ చేసేవి) ప్రశ్నలకు నెగెటివ్ లేదు, వాటిని ఖాళీగా వదలకండి. ఊహించి పెడితే కలిసొచ్చిన జవాబులను కూడా తప్పుల కిందే రాసుకుని మళ్లీ చదవండి. అందరూ వదిలేసేది ఇదే.

నార్మలైజేషన్ (వేర్వేరు సెషన్లలో రాసినవారి మార్కులను సమానం చేసే లెక్క) వల్ల మార్కులు పోయాయనే అనుమానం కొందరికి ఉంటుంది. ఒకే సెషన్‌లో జరిగే పేపర్‌కు అసలు అది ఉండదు. సిస్టమ్ ఆగిపోవడం అరుదు, ఆగితే వెంటనే చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌కు చెప్పండి.