వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు అనే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఇది చదవండి

టీవీ సౌండ్ రోజురోజుకీ పెరగటం, ఫోన్‌లో దేనికైనా "ఆ... ఆ... సరే" అనేసి పెట్టేయటం, పెళ్ళికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులని తప్పించుకోవటం... ఇవి కనపడితే వయసు మీద పడిందిలే అని వదిలేయకండి, ముందు చెవులు చూపించండి. మా నాన్నకి ఇలాగే మొదలైంది, అడిగితే "నాకు వినపడుతోందిరా, మీరే సరిగ్గా మాట్లాడట్లేదు" అనేవారు. ఆయన అబద్ధమేం చెప్పలేదు, నిజంగా అలాగే ఉంటుంది.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి సౌండ్లు. చెవి లోపల కాక్లియా అని నత్తగుల్లలా చుట్ట చుట్టుకుని ఉంటుంది, అందులో ఒక్కో చెవికి సౌండ్‌ని పట్టుకునే హెయిర్ సెల్స్ అనే కణాలు సుమారు 15 వేలు ఉంటాయి, అవి ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. ఆ, ఊ, ఓ లాంటివి లావు సౌండ్లు కాబట్టి బానే వినిపిస్తాయి, క, త, ప, స, ఫ లాంటివి జారిపోతాయి. "పాలు ఇవ్వనా" అంటే పాలు అన్నామో కాలు అన్నామో తెలీదు, లు మాత్రం తెలుస్తుంది. అందుకే అరిచినా లాభం లేదు, అరుపులో ఎక్కువగా పెరిగేది ఆ లావు సౌండ్లే, పైగా మనం విసుక్కుంటున్నాం అనుకుని ఇంకా ముడుచుకుపోతారు.

మరి ఎలా మాట్లాడాలి అంటే, ముందు పేరో వరసో పెట్టి పిలిచి మనవైపు చూశాకే విషయం ఎత్తుకోవాలి. వంటింట్లోంచి కేకెయ్యకూడదు. మొహం మీద వెలుతురు పడేలా నిలబడాలి, ఎందుకంటే వాళ్ళు తెలీకుండానే పెదాలు చూసి సగం అర్థం చేసుకుంటారు. టీవీ మ్యూట్ చేసి, మామూలు గొంతుతో కొంచెం నిదానంగా చెప్పాలి. ఒకసారి అర్థం కాకపోతే అదే మాట మళ్ళీ మళ్ళీ అనకుండా వేరేలా చెప్పండి, "రేపు తొమ్మిదికి బస్సు" అందకపోతే "పొద్దున్నే టిఫిన్ తిని బయల్దేరదాం, తొమ్మిది గంటల బస్సు" అనండి. "ఏం లేదులే, వదిలెయ్" మాత్రం అనొద్దు ప్లీజ్, ఆ ఒక్క మాటకి మనిషి ఎంత చిన్నబోతారో పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఫంక్షన్లలో స్పీకర్లకి దూరంగా, వీపు గోడవైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ తెలుగు పెట్టుకుంటే మనం మాట్లాడింది అక్షరాల్లో పడుతుంది, తప్పులుంటాయి కానీ డాక్టర్ దగ్గర, బ్యాంకులో బాగా పనికొస్తుంది.

టెస్టుకి ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికే వెళ్ళండి, డైరెక్ట్‌గా చెవి మెషిన్ల (హియరింగ్ ఎయిడ్స్) షాపుకి కాదు. కొంతమందికి గుబిలి గట్టిపడి అడ్డం పడటమే ప్రాబ్లమ్, తీసేస్తే సరిపోతుంది, కొంతమందికి కర్ణభేరికి చిల్లు ఉంటుంది. ఆ తర్వాత వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ దగ్గర పీటీఏ టెస్ట్, అంటే ఏ సౌండ్ ఎంత మేరకు వినపడుతోందో చూసేది, అందులో వచ్చే గ్రాఫ్‌ని ఆడియోగ్రామ్ అంటారు, అది జాగ్రత్తగా దాచుకోండి, మెషిన్ సెట్ చేసేది దాన్ని బట్టే. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకి వచ్చేవి చాలావరకు ఉత్త యాంప్లిఫయర్లు, పక్క మాటతో పాటు ఫ్యానునీ మిక్సీనీ కూడా పెంచేస్తాయి, రెండ్రోజులు పెట్టుకుని ఇక మెషిన్లంటేనే విరక్తి వచ్చేస్తుంది. మంచి డిజిటల్‌వి ఒక్కో చెవికి పదిహేను ఇరవై వేల నుంచి లక్ష పైదాకా ఉన్నాయి, కొనేముందు ట్రయల్ అడగండి. అంత పెట్టలేకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం వాళ్ళ అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ రీజినల్ సెంటర్ ఉంది, హైదరాబాద్ కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ హాస్పిటల్ ఉంది, ఆదాయం తక్కువుంటే వికలాంగులకి ఇలాంటి పరికరాలు ఇచ్చే కేంద్రం అడిప్ స్కీమ్ గురించి కనుక్కోండి. బాగా తగ్గిపోయిన వాళ్ళు వికలాంగత సర్టిఫికెట్‌కి అప్లై చెయ్యాలి, 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నుంచి లాస్ ఉంటే వికలాంగత కింద లెక్క.

అసలు కష్టం కొన్నాక మొదలవుతుంది. మొదటి రోజుల్లో స్టీల్ గిన్నెల చప్పుడు, పేపర్ మడిచిన చప్పుడు, తన గొంతు తనకే డబ్బాలోంచి వచ్చినట్టు ఉండటం, ఇవన్నీ చిరాకు తెప్పిస్తాయి. మెషిన్ పాడైందని కాదు, ఏళ్ళ తరబడి వినని వాటికి మెదడు అలవాటు పడాలి. మొదట ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలు, తర్వాత మెల్లగా పెంచుకుంటూ కొన్ని వారాల్లో రోజంతా. ఇబ్బంది పెట్టే సౌండ్లు ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే ఆడియాలజిస్ట్ సెట్టింగ్ మారుస్తారు, మా నాన్న డ్రాయర్లో పడెయ్యకుండా వాడుతున్నారంటే ఆ కాగితం వల్లే.

మెషిన్ స్నానానికీ తలకి నూనె పెట్టుకునేటప్పుడూ తీసెయ్యాలి. మన కోస్తా చెమటకి త్వరగా పాడవుతుంది కాబట్టి రాత్రి పూట తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. కూత పెడుతోందంటే చెవిలో సరిగ్గా కూర్చోలేదు, లేదా గుబిలి ఉంది. బటన్ బ్యాటరీ స్టిక్కర్ పీకాక ఒక నిమిషం ఆగి వెయ్యండి, అది గాలితో పనిచేసేది. పిల్లలకి అందనివ్వొద్దు, మింగితే ప్రాణం మీదకి వస్తుంది.

ఇంకా బానే వినపడే మన విషయానికొస్తే, పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్‌బడ్ చెవిలో పెట్టకండి, గుబిలి దానంతట అదే బయటికి వస్తుంది, మనం పుల్ల పెడితే లోపలికి తోస్తాం. చెవి నొప్పి అనగానే వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తుంటారు, కర్ణభేరికి చిల్లు ఉంటే అది ఇన్ఫెక్షన్‌కి దారి తీస్తుంది, చీము కారుతుంటే అసలే వద్దు. ఇయర్‌ఫోన్స్ వాల్యూమ్ 60 శాతం లోపు ఉంచుకోండి. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, అదే 90 అయితే 4 గంటలే. ఊరేగింపు డీజే దానికంటే చాలా ఎక్కువ, పక్కనే నడవాల్సొస్తే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, చిన్నపిల్లల్ని భుజాన ఎత్తుకుని స్పీకర్ బాక్సుల ముందు నిలబడకండి.

ఇంకోటి, పొద్దున లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టు అయి వినపడకపోతే జలుబనుకుని చూస్తూ కూర్చోవద్దు. సడన్ హియరింగ్ లాస్ అయితే స్టెరాయిడ్స్‌తో తిరిగొచ్చే అవకాశం మొదటి రోజుల్లోనే ఎక్కువ, రెండు వారాలు దాటితే బాగా తగ్గిపోతుంది, కాబట్టి ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళిపోండి.